టీ రివ్యూల సైట్‌ని టీ అమ్మేవాళ్ళే కొంటున్నారు: ఏళ్ళ తరబడి వాడినదాన్నిగా నా రివ్యూ

మామూలుగా నేను టీల మీద రివ్యూలు రాస్తుంటా, ఈసారి ఆ రివ్యూలు రాసే సైట్ మీదే రాస్తున్నా. సైట్ పేరు చెప్పను, టీ పిచ్చి ఉన్నవాళ్ళకి ఎలాగూ అర్థమైపోతుంది, లేనివాళ్ళకి పేరుతో పనిలేదు. విషయం ఏంటంటే ఈమధ్య సైట్ ఓపెన్ చెయ్యగానే పైన పసుపు రంగు పట్టీ ఒకటి కనిపిస్తోంది, సైట్‌ని అమ్మేస్తున్నాం, త్వరలో కొత్త యాజమాన్యం వస్తుంది, మీ అకౌంట్లు మీ నోట్స్ అన్నీ అలాగే ఉంటాయి కంగారు పడకండి అని. సరేలే అని కింద లింక్ నొక్కి చదివితే కొనేది ఆన్‌లైన్‌లో టీ అమ్మే కంపెనీ అట. అక్కడే నాకు కాస్త గుబులు మొదలైంది. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ సైట్ ఎలా పనిచేస్తుందో, నేను దేనికి వాడతానో చెప్పాలి, కొంచెం పొడుగ్గానే ఉంటుంది, పక్కన ఒక కప్పు పెట్టుకుని చదవండి.

ఇందులో ప్రతి టీకీ ఒక పేజీ ఉంటుంది. పైన కంపెనీ పేరు, తోట పేరు, ఏ ఏడాది కోతో ఉంటాయి, కింద జనం తాగి రాసిన నోట్స్. మనం నోట్ రాసేటప్పుడు ఆకు ఎన్ని గ్రాములు, నీళ్ళు ఎన్ని మిల్లీలీటర్లు, ఎంత వేడి, ఎన్ని నిమిషాలు అని నాలుగు గళ్ళు వస్తాయి, వాటి కింద పెద్ద ఖాళీ పెట్టె, దాని కింద సున్నా నుంచి వంద దాకా జరుపుకునే స్లైడర్. అంతే. స్టార్లు లేవు, ఈ రివ్యూ మీకు ఉపయోగపడిందా అని అడిగే బటన్ లేదు, ఎవరు కొత్తగా రాస్తే వాళ్ళది పైన ఉంటుంది. ఇంకో పేజీలో మన ఇంట్లో ఉన్న టీలన్నీ జాబితాగా పెట్టుకోవచ్చు, అయిపోయినవి తీసేసుకోవచ్చు, తీసేసినా మనం రాసిన నోట్ మాత్రం ఉండిపోతుంది. ఈ ఉండిపోవడం అనేదే అసలు పాయింట్, దాని దగ్గరికి తర్వాత వస్తా.

నేను చేరింది 2016 ప్రాంతంలో. మాది గుంటూరు వైపు, ఇంట్లో టీ అంటే పాలు, పంచదార, అల్లం, టీ పొడి, గిన్నె అంచు దాకా పొంగు, అంతకుమించి ఇంకో రకం టీ ఉంటుందని కూడా ఎవరూ అనుకోరు. మా ఆయన ఆఫీస్ పని మీద కోల్‌కతా వెళ్ళినప్పుడు డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్ (ఏడాదిలో మొదటి కోత) ప్యాకెట్ ఒకటి తెచ్చారు. ప్యాకెట్ వెనకాల మరిగే నీళ్ళు పోసి ఐదు నిమిషాలు ఉంచమని ఉంది. అలా చేస్తే నోరంతా వగరు, మింగలేం. ఆ తోట పేరు కొట్టి వెతికితే ఈ సైట్ తగిలింది. అదే టీకి చాలామంది నోట్స్ ఉన్నాయి, దాదాపు అందరూ చెప్పింది ఒకటే, నీళ్ళు 85, 90 డిగ్రీల మధ్య ఉండాలి, మూడు నిమిషాలు దాటనివ్వొద్దు. పొయ్యి ఆపాక కాసేపు ఆగి పోశా. నిజంగా వేరే టీ. అమ్మినవాడు ప్యాకెట్ మీద రాసింది ఒకటి, తాగినవాళ్ళు రాసింది ఇంకొకటి, పనికొచ్చింది తాగినవాళ్ళదే. నాకు ఈ సైట్ మీద నమ్మకం కుదిరింది అక్కడే, ఇప్పుడు అనుమానం పుట్టిందీ దాని వల్లే.

ఆ తర్వాత అక్కడ చదివి తెలుసుకున్నవి చాలా ఉన్నాయండీ. డార్జిలింగ్‌లో మార్చి ఏప్రిల్‌లో కోసేది ఫస్ట్ ఫ్లష్, లేతగా పచ్చివాసనతో పువ్వులా ఉంటుంది. మే జూన్‌లో కోసేది సెకండ్ ఫ్లష్, అది ముదురు రంగు, అందులో మస్కటెల్ అని ఒక రకం ద్రాక్ష వాసన వస్తుంది, ఆ వాసనకి కారణం చిన్న పచ్చపురుగులు ఆకుని కొరకడం, పురుగు కొరికితే మొక్క తనని తాను కాపాడుకోవడానికి తయారుచేసుకునే రసాయనాలే మనకి సువాసన. తైవాన్‌లో ఓరియెంటల్ బ్యూటీ అనే ఊలాంగ్ రకం టీ కూడా ఇలాంటి పురుగు పుణ్యమే. పురుగు పట్టిన ఆకుని ఇంకెవరైనా పారేస్తారు, వీళ్ళు దాన్నే ఎక్కువ రేటుకి అమ్ముతారు. ఇవన్నీ పుస్తకాల్లోనూ దొరుకుతాయి, కాదనను, కానీ పుస్తకం ఈ ఏడాది ఫలానా తోట సెకండ్ ఫ్లష్‌లో ద్రాక్ష వాసన తక్కువుందని చెప్పదు కదా. ఒకే తోట టీని వరసగా ఏటేటా తాగి, పోయినేడాదికీ దీనికీ తేడా ఇదీ అని రాసేవాళ్ళు ఇక్కడ ఉన్నారు. నిజం చెప్పాలంటే నేను రాసింది తక్కువ, వాళ్ళని చదివిందే ఎక్కువ.

స్వాప్‌లు ఇంకో మంచి విషయం. నా దగ్గర ఎక్కువున్న టీలో పదేసి గ్రాములు చిన్న జిప్ కవర్లలో వేసి, పైన మార్కర్‌తో పేరూ ఏడాదీ రాసి స్పీడ్ పోస్ట్‌లో పంపిస్తే అవతలివాళ్ళు వాళ్ళ దగ్గరున్నవి పంపిస్తారు. డబ్బు ప్రసక్తి లేదు. బెంగళూరులో ఒకావిడ, పూణెలో ఒకాయన, వీళ్ళిద్దరితో నాకు ఏళ్ళ నుంచి ఇచ్చిపుచ్చుకోవడాలు నడుస్తున్నాయి, ముఖాలు చూసుకోలేదు. నీలగిరి ఫ్రాస్ట్ టీ నాకు తెలిసింది ఈ కవర్ల వల్లే. డిసెంబర్ జనవరి చలిలో, రాత్రిళ్ళు మంచు పడే రోజుల్లో కోసిన ఆకు, తాగితే వగరు దాదాపు ఉండదు, ఒకలాంటి తీపి వాసన. నీలగిరి అంటే నాకు అప్పటిదాకా హోటల్ డస్ట్ టీనే. రెండు మూడు వందల కిలోమీటర్ల దూరంలో మన దక్షిణాదిలోనే ఇంత టీ ఉంటే నేను తైవాన్ గురించి చదువుతూ కూర్చున్నానే అనిపించింది. (గుంటూరు నుంచి ఊటీ రెండు మూడు వందలు కాదు, ఇంకా ఎక్కువే, లెక్కలు పట్టుకోకండి.)

ఇక లోపాలు. సైట్ కట్టినవాళ్ళ బుర్రలో టీ అంటే ఆకూ నీళ్ళూ మాత్రమే. మన టీకి అక్కడ చోటు లేదు. సీటీసీ పొడి, అంటే ఆకుని పళ్ళున్న రోలర్ల మధ్య నలిపి చించి గుండ్రంగా చుట్టిన రవ్వ, దేశంలో మనం తాగేది ముప్పాతిక మూడొంతులు అదే, దానికి వాళ్ళ దృష్టిలో విలువ లేదు. నేను ఒకసారి ఇరానీ చాయ్ కోసం అమ్మే పొడి కొనుక్కొచ్చి పేజీ తెరిచి నోట్ రాద్దామని కూర్చుంటే, డికాషన్ మూత పెట్టి సన్నటి మంట మీద అరగంట పైన దమ్ చేశా, పాలు వేరే గిన్నెలో మరిగించి చిక్కబెట్టా, ఇది ఎక్కడ రాయాలి? వేడి గడిలో వంద డిగ్రీలు, నిమిషాల గడిలో నలభై అని కొడితే ఎర్ర అక్షరాల్లో ఇంత సమయం చెల్లదు అని వచ్చింది. పాలకి గడే లేదు. చివరికి నాలుగు గళ్ళూ ఖాళీగా వదిలేసి పెట్టెలో అంతా కథలా రాశా. దాని కింద ఫిన్లండ్ ఆయన ఒకరు, ఇంతసేపు కాస్తే చేదైపోదా అని అడిగారు, పాలూ పంచదారా ఆ చేదుకి సరిపడా ఉంటాయి, పక్కన ఉస్మానియా బిస్కెట్ కూడా ఉంటుంది అని జవాబిచ్చా. ఆ పేజీలో ఇప్పటికీ నాదొక్కటే నోట్.

బ్రాండ్ల పేజీలైతే మరీ గందరగోళం. జెమినీకి ఒక పేజీ, టాటా జెమినీకి ఇంకో పేజీ, ఒకటే పొడి. లిప్టన్ సంగతి ఇంకా తమాషా, 2022లో యూనిలీవర్ తన టీ వ్యాపారంలో చాలాభాగం సీవీసీ అనే పెట్టుబడి సంస్థకి 450 కోట్ల యూరోలకి అమ్మేసింది, ఇండియా వ్యాపారం మాత్రం అమ్మలేదు, ఇక్కడ లిప్టన్, బ్రూక్ బాండ్, తాజ్ మహల్ అన్నీ హిందుస్తాన్ యూనిలీవర్ దగ్గరే ఉన్నాయి. సైట్‌లో ఎవరో ఉత్సాహవంతుడు మొత్తం లిప్టన్ పేజీలన్నింటికీ కొత్త యజమాని పేరు తగిలించేశాడు. ఇక్కడి గ్రీన్ లేబుల్, అక్కడి పసుపు లేబుల్ టీ బ్యాగు రెండూ ఒకే కుండలో పడ్డాయి. సరిచెయ్యమని మెయిల్ పెట్టా, జవాబు రాలేదు. రాదని అప్పటికే తెలుసు.

ఎందుకంటే పాత యజమానులు ఎప్పుడో చేతులెత్తేశారు. ఇది కూడా చెప్పాలి, లేకపోతే ఏదో బంగారం లాంటి సైట్‌ని దుర్మార్గులు ఎత్తుకుపోతున్నట్టు ఉంటుంది. రాత్రి తొమ్మిది దాటితే సైట్ పాకుతూ ఉండేది. సెర్చ్‌లో తోట పేరులో ఒక అక్షరం తేడా వచ్చినా ఏమీ దొరకదు, గూగుల్‌లో వెతికి లోపలికి రావాలి. యాప్ త్వరలో వస్తుంది అన్న మాట నేను చేరినప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఒక దశలో కొత్త నోట్స్ పేజీ తెరిస్తే సగం బరువు తగ్గించే మాత్రలూ, వీసా ఇప్పిస్తాం అనే ప్రకటనలే, వాటిని పాత సభ్యులే ఒక్కొక్కటీ రిపోర్ట్ కొట్టి తీయించుకునేవాళ్ళు. మొదలుపెట్టినవాళ్ళకి పెళ్ళిళ్ళయ్యి పిల్లలు పుట్టి వేరే ఉద్యోగాలు వచ్చి ఉంటాయి, సర్వర్ బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది, అమ్మేశారు, నాకు వాళ్ళ మీద కోపం లేదు. అమ్మినందుకు కాదు నా బాధ, కొన్నది ఎవరు అనేదే.

మా అత్తయ్యగారి నోట్ గురించి చెప్తే నా అనుమానం మీకు బాగా అర్థమవుతుంది. ఆవిడ మా ఇంటికి వచ్చినప్పుడు ఒకసారి మంచి ఫస్ట్ ఫ్లష్ పెట్టి ఇచ్చా. రెండు గుక్కలు తాగి కప్పు కింద పెట్టి,

"పాలు విరిగిపోయాయా ఏంటమ్మా?" అన్నారు.

"లేదత్తయ్యా, ఇది ఇలాగే తాగాలి."

"ఎంతైంది ఇది?"

"వంద గ్రాములు తొమ్మిది వందలు."

"తొమ్మిది వందలు పెట్టి కరివేపాకు నానబెట్టిన నీళ్ళా!"

ఆవిడనే స్లైడర్ ఎక్కడ పెట్టమంటారు అని అడిగితే ఫోన్ తీసుకుని వేలితో పన్నెండు దగ్గర ఆపారు. అది అలాగే గెస్ట్ నోట్ అని రాసి, ఆవిడ మాటలు ఇంగ్లీష్‌లో పెట్టి, పోస్ట్ చేశా. నా స్కోరు ఎనభై పైన, ఆవిడది పన్నెండు, రెండూ పక్కపక్కనే. ఆ నోట్‌కి వచ్చినన్ని జవాబులు నా మిగతా వాటికి దేనికీ రాలేదు. ఒకతను రాశాడు, కరివేపాకు ఏంటో తెలీదు కానీ నాకూ ఇందులో ఒక ఆకుకూర వాసన తగిలింది, ఎవరూ చెప్పట్లేదే అనుకున్నా అని. నిజమే, ఆ ఏడాది ఆ తోట టీ మరీ పచ్చిగా ఉంది, మేమందరం పువ్వులు పండ్లు అని రాసుకుంటూ పోయాం, ఉన్నదున్నట్టు చెప్పింది ఆవిడే.

ఇప్పుడు ఆ కొత్త కంపెనీ పెట్టిన ప్రశ్నలూ జవాబుల పేజీలో ఏం రాశారంటే, నకిలీ రివ్యూలు అరికట్టడానికి నిజంగా కొన్నవాళ్ళ రివ్యూలు ముందు చూపిస్తాం, అలాంటి వాటికి ఒక గుర్తు పెడతాం అని. వినడానికి బానే ఉంది. ఎక్కడ కొన్నవాళ్ళు? వాళ్ళ దగ్గర కొన్నవాళ్ళు. కోల్‌కతాలో కొట్లో కొన్నది, బెంగళూరు ఆవిడ పోస్ట్‌లో పంపినది, అత్తయ్యగారు రెండు గుక్కలు తాగినది, వీటికి బిల్లు లేదు కాబట్టి గుర్తు ఉండదు, కింద ఎక్కడో పడి ఉంటాయి. తొమ్మిది వందలు సొంత డబ్బు పెట్టి కొన్నవాళ్ళు ఎలాగూ కాస్త ఎక్కువే వేస్తారండీ, డబ్బు పెట్టాక బాగోలేదని ఒప్పుకోవడానికి ఎవరికైనా మనసొప్పదు. నచ్చుతుంది అనుకున్నదే కొంటాం కూడా. స్వాప్‌లో వచ్చిన పది గ్రాములకి ఆ మొహమాటం ఉండదు, అందుకే నేను ఏ టీ కొనాలన్నా ముందు స్వాప్ నోట్సే చదివేదాన్ని. ఒక్క రివ్యూ కూడా తీసెయ్యక్కర్లేదు, వరస మారిస్తే చాలు.

అదే పేజీలో ఇంకో లైన్ ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోలేదు. ప్రస్తుతం ఎక్కడా దొరకని టీల పేజీలని క్రమంగా వేరే విభాగంలోకి మారుస్తాం, కొత్తవాళ్ళకి అయోమయం లేకుండా అట. నాకు వరస కంటే దీని గురించే ఎక్కువ భయం.

టీ అనేది పంట కదండీ. 2019 సెకండ్ ఫ్లష్ అయిపోతే అయిపోయినట్టే, మళ్ళీ అదే టీ ఎక్కడా రాదు. షాపు వాడి లెక్కలో ఆ పేజీకి విలువ సున్నా, నొక్కితే కొనుక్కోవడానికి ఏమీ లేదు. మనకి మాత్రం విలువంతా అక్కడే. ఈ తోట ఏడాదికేడాది ఎలా మారింది, మేనేజర్ మారాక రుచి మారిందా, వానలు ముందొచ్చిన ఏడు ఏమైంది, ఇదంతా ఆ చచ్చిపోయిన పేజీల్లోనే ఉంది.

2017 తీసుకోండి. ఆ జూన్‌లో డార్జిలింగ్ కొండల్లో గూర్ఖాలాండ్ రాష్ట్రం కోసం బంద్ మొదలైంది, 104 రోజులు నడిచింది, సెప్టెంబర్ చివర్లో గానీ ఆగలేదు. తోటలన్నీ మూత. సెకండ్ ఫ్లష్ కోత నడుస్తున్న సమయం అది, ఏడాది సంపాదనలో పెద్ద భాగం దాని మీదే వస్తుంది. మొదట్లో కోసిన కొద్దిపాటి తప్ప మిగతా ఆకు చెట్టు మీదే ముదిరిపోయింది, చెట్లు మనిషి ఎత్తు పెరిగాయి, కలుపు పట్టింది. ఏటా 80 లక్షల కిలోల చుట్టూ వచ్చే చోట ఆ ఏడు 32 లక్షల దగ్గర ఆగిపోయింది. ఇవి పేపర్లో చదివే అంకెలు. మా సైట్‌లో అది ఎలా కనిపించేదంటే, తోటల పేజీల్లో 2015 సెకండ్ ఫ్లష్, 2016 సెకండ్ ఫ్లష్, తర్వాత ఏకంగా 2018. మధ్యలో ఖాళీ. బంద్‌కి ముందు మొదటి వారాల్లో కోసిన కాస్త టీ ఒకటి రెండు తోటలవి బయటికొచ్చాయి, వాటిని తాగినవాళ్ళ నోట్స్ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2018 నోట్స్ చదివితే ఇంకా తెలుస్తుంది, పెద్దగా పెరిగిన చెట్లని కత్తిరించి మళ్ళీ దారిలోకి తెచ్చాక వచ్చిన ఆకు అది, ఒకాయన దాన్ని జ్వరం తగ్గి లేచిన మనిషి గొంతులా ఉంది అని రాశాడు. ఆయన ఇప్పుడు సైట్‌కి రావట్లేదు. ఆ నోట్ మళ్ళీ ఎవరూ రాయలేరు, ఆ టీ లేదు కాబట్టి. దాన్ని వేరే విభాగంలోకి మార్చి, ఆ విభాగానికి లింక్ పేజీ అడుగున పెట్టి, రెండేళ్ళాగి సర్వర్ ఖర్చు తగ్గించుకుందాం అనుకుంటే అడిగేదెవరు?

మీకు ఇది మరీ ఎక్కువ ఊహించుకోవడంలా అనిపించొచ్చు. బీర్ వాళ్ళకి జరిగింది చూడండి. రేట్‌బీర్ అని 2000లో మొదలైన సైట్, జనమే బీర్లకి మార్కులు వేసేవాళ్ళు. బడ్‌వైజర్ తయారుచేసే ఏబీ ఇన్‌బెవ్ పెట్టుబడి విభాగం అందులో వాటా కొన్నదని 2017లో బయటపడింది, కొని అప్పటికే కొన్ని నెలలైంది, ఎవరికీ చెప్పలేదు. మా బీర్ల రివ్యూలు తీసెయ్యండి అని కొందరు చిన్న బ్రూవరీల వాళ్ళు గొడవ పెట్టారు, మార్కులు వేసే చోటుకి మాతో పోటీ పడే కంపెనీ యజమాని ఏంటని. 2019లో మొత్తం వాళ్ళ చేతికే వెళ్ళింది. 2025 ఫిబ్రవరిలో మూసేశారు. పాతికేళ్ళ రాతలు. మార్కులు మార్చారని నేను అనట్లేదు, ఆ అవసరమే రాలేదు, నమ్మకం పోయాక రాసేవాళ్ళు తగ్గి ఉంటారు, రాసేవాళ్ళు తగ్గాక దాన్ని నడపడానికి కారణం లేకుండా పోయి ఉంటుంది, ఇది నా ఊహే.

టీలోనే కావాలంటే టీవానా అనే టీ షాపుల కంపెనీ ఉంది, 2012లో స్టార్‌బక్స్ 62 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది, 2017లో 379 షాపులూ మూసేస్తున్నట్టు చెప్పింది. అది షాపు, పోతే పోయింది అనుకోవచ్చు. ఐఎండీబీ అనే సినిమాల సైట్‌లో చర్చల బోర్డులు కూడా అంతే, సైట్ అమెజాన్ చేతికి 1998లో వెళ్ళింది, బోర్డులు ఏళ్ళ తరబడి బానే ఉన్నాయి, 2017 ఫిబ్రవరిలో తీసేశారు. కొన్న రోజే ఏదీ జరగదు, అదే ఇక్కడ ఇబ్బంది, అందరూ రెండు నెలలు చూసి ఏమీ కాలేదుగా అనేస్తారు.

అయితే అన్నీ ఇలాగే అవ్వాలని లేదు. కెమెరాల మీద రివ్యూలు రాసే డీపీరివ్యూ సైట్ కూడా అమెజాన్ దగ్గరే ఉండేది, 2023 మార్చిలో మూసేస్తున్నాం అన్నారు, జనం గగ్గోలు పెట్టి పేజీలన్నీ దాచుకోవడం మొదలుపెట్టారు, జూన్ కల్లా గేర్ పాట్రోల్ అనే సంస్థ తీసుకుంది, బతికింది. చేతులు మారడం వల్ల బతికిన కేసు అది. తేడా అల్లా కొన్నవాళ్ళు కెమెరాలు తయారుచెయ్యరు.

మా వాళ్ళలో చాలామంది వేరే చోటికి వెళ్ళిపోదాం అంటున్నారు. ఒక డిస్కార్డ్ గ్రూప్ పెట్టారు, చేరా, సరదాగానే ఉంది, పొద్దున్నే అందరూ ఇవాళ ఏం తాగుతున్నారో ఫొటోలు పెడతారు, సాయంత్రానికి అవి ఎక్కడికో పైకి వెళ్ళిపోతాయి. ఇన్‌స్టాలో టీ కంటే కప్పు అందంగా ఉండాలి. రెడ్డిట్‌లో ఏది కొనాలి అని అడిగితే మంచి జవాబులొస్తాయి, ఒక తోట పేరు కొడితే పదేళ్ళ నోట్స్ వరసగా రావు. కబుర్లకి ఎన్ని చోట్లయినా దొరుకుతాయి, ఈ పని చేసేది ఇంకోటి నాకు కనపడలేదు.

అందుకే ప్రస్తుతానికి నేను చేస్తున్నది నా నోట్స్ దాచుకోవడం. సైట్‌లో డౌన్‌లోడ్ బటన్ లేదు. యూరప్‌లో ఉన్నవాళ్ళకి కొంచెం నయం, 2018 నుంచి అక్కడ అమలవుతున్న జీడీపీఆర్ అనే డేటా చట్టం ప్రకారం నా డేటా నాకు ఇంకో చోట వాడుకునే రూపంలో ఇవ్వమని అడిగే హక్కుంది, మన 2023 డేటా చట్టంలో అలా పట్టుకెళ్ళే హక్కు పెట్టలేదు. డబ్లిన్‌లో ఉండే మా కజిన్ అలా మెయిల్ పెట్టాడు, వాడికి ఫైల్ వచ్చింది, తెరిస్తే నోట్స్ ఉన్నాయి గానీ వాటి కింద జనం ఇచ్చిన జవాబులు లేవు, అవి వాళ్ళవి కదా. నా అత్తయ్యగారి నోట్ నాకు ఆ జవాబులతో సహా కావాలి. కాబట్టి బ్రౌజర్‌లోనే ఒక్కో పేజీ సేవ్ చేసుకుంటున్నా. పీడీఎఫ్‌గా ప్రింట్ కొట్టకండి, జవాబుల దగ్గర మరిన్ని చూపించు అనే చోట కట్ అయిపోతుంది, ముందు అవన్నీ నొక్కి తెరిచి తర్వాత పూర్తి పేజీగా సేవ్ చేస్తే మొత్తం వస్తుంది. ముఖ్యమైన తోటల పేజీలని వేబ్యాక్ మెషీన్‌లో, అంటే వెబ్ పేజీల పాత కాపీలు దాచే సైట్‌లో కూడా పెట్టిస్తున్నా, అక్కడ లింక్ ఇచ్చి సేవ్ అంటే కాపీ ఉంచుతారు, అది లాగిన్ లేకుండా కనిపించే పేజీలకే పనిచేస్తుంది. కొత్తవాళ్ళు వచ్చాక పేజీలు లాగిన్ వెనక్కి వెళ్తాయేమో, అందుకే తొందర.

ఇప్పుడు చేరొచ్చా అని అడిగేవాళ్ళకి, చేరండి, చదవడానికి. ఇన్నేళ్ళ నోట్స్ ఇంకా ఉన్నాయి, ఫ్రీ, తేదీ చూసుకుని అమ్మకం ప్రకటనకి ముందు రాసినవి చదవండి, ఎనభై పైన మార్కుల కంటే నలభై లోపు వేసినవాళ్ళు ఏం రాశారో ముందు చూడండి, టీ గురించి అసలు సమాచారం అందులో ఎక్కువ ఉంటుంది. రాయడం మాత్రం ముందు మీ ఫోన్‌లోనో షీట్‌లోనో రాసుకుని తర్వాత అక్కడ పేస్ట్ చెయ్యండి. నేనైతే పసుపు పట్టీ వచ్చాక కొత్త నోట్ పెట్టలేదు, మానేశానని కాదు, వరస ఎలా మారుస్తారో చూద్దామని ఆగా. స్లైడర్ మీద పెట్టమంటే ఇన్నాళ్ళ సైట్‌కి ఎనభై రెండు, పాలకి గడి లేనందుకు పద్దెనిమిది కోత.

ఇంకో మాట, 2017 డార్జిలింగ్ సెకండ్ ఫ్లష్ ఏ తోటదైనా తాగినవాళ్ళు ఇది చదువుతుంటే, మీరు అప్పట్లో ఎక్కడ రాసినా సరే, సైట్‌లో, డైరీలో, ప్యాకెట్ వెనకాల, ఫొటో తీసి కింద పెట్టండి. తోట పేరూ, కొన్న నెలా, నీళ్ళ వేడీ ఉంటే చాలు, రుచి రెండు ముక్కల్లో రాసినా పర్లేదు. నేను, బెంగళూరు ఆవిడ కలిసి ఒక షీట్‌లో ఎక్కిస్తున్నాం, పాలు కలుపుకుని తాగినవాళ్ళకి కూడా అందులో ఒక గడి పెట్టాం.